అర్ధరూపాయి వడ్డీ తెలిసిన అమ్మాయికి అమెరికా రియల్ ఎస్టేట్ లెక్కలంటే భయమా?

ప్రశ్న: అక్కా నమస్తే. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం, సొంతూరు సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. నాకు 39 ఏళ్ళు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదా, పగలంతా ఖాళీనే అని రియల్ ఎస్టేట్ లైసెన్సుకి దిగాను. 180 గంటల క్లాసులు ఆన్‌లైన్‌లో పూర్తిచేశా. పోయిన నెల పరీక్ష రాస్తే టెక్సాస్ స్టేట్ పార్ట్ పాసయ్యా, నేషనల్ పార్ట్ పోయింది. లెక్కల ప్రశ్న కనపడితే చాలు చేతులు చల్లబడిపోతున్నాయి. ఒక కోచింగ్ వాళ్ళ షీటు కొన్నా, అందులో 46 ఫార్ములాలున్నాయి, ఫ్రిజ్ మీద అంటించుకుని రోజూ చదువుతున్నా, పొద్దున గుర్తున్నది సాయంత్రానికి ఉండట్లేదు. టెన్త్‌లో కూడా లెక్కల్లో 38తో గట్టెక్కినదాన్ని. రెండెకరాల ముప్పై ఐదు సెంట్ల రైతు కూతుర్ని, మాకు లెక్కలెక్కడ అబ్బుతాయి. మూడుసార్లు తప్పితే మళ్ళీ క్లాసులు చదవాలట. ఈ ఫార్ములాలు గుర్తుండటానికి ట్రిక్ ఏదైనా ఉంటే చెప్పక్కా.

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. ముందు లేచి ఆ ఫ్రిజ్ మీద కాగితం పీకెయ్. నిజంగానే చెప్తున్నా, పీకేసి వచ్చి మిగతాది చదువు.

పరీక్ష సంగతి ముందు తేల్చేద్దాం. స్టేట్ పార్ట్ పాసయ్యావు కాబట్టి అది మళ్ళీ రాయక్కర్లేదు, నేషనల్ ఒక్కటే రాయాలి, కాకపోతే లైసెన్సులిచ్చే టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ (ట్రెక్) వాళ్ళ దగ్గర నీ అప్లికేషన్‌కి ఏడాదే గడువు, ఆలోపు కానిచ్చెయ్. మూడుసార్లు తప్పితే అదనపు గంటలు చదవాలన్నది నిజమే, ఒక్క పార్ట్ మిగిలితే 30 గంటలు, కానీ నీకింకా రెండు ఛాన్సులున్నాయి కదా, అప్పుడే ఆ భయం దేనికి. ఇంకో మాట, తప్పినవాళ్ళకి ఇచ్చే స్కోర్ రిపోర్టులో ఏ టాపిక్‌లో ఎంత వచ్చిందో ఉంటుంది, అది తీసి చూశావా? నేను చూసినవాళ్ళలో చాలామంది లెక్కల వల్లే పోయింది అంటారు, తీరా చూస్తే కాంట్రాక్టుల్లోనో ఏజెన్సీలోనో అంతకంటే ఎక్కువ పోగొట్టుకుని ఉంటారు. పరీక్ష మొత్తంలో లెక్కలు కొంచెమే. ఆ కొంచెం దగ్గర గుండె జారిపోతే తర్వాత పది ప్రశ్నలు కూడా ఆ వణుకుతోనే పెడతాం, అసలు నష్టం అక్కడ.

ఇక నా సంగతి చెప్తా. నేనూ మొదటిసారి తప్పినదాన్నే. బీకాం చదివి, ఊళ్ళో మా నాన్న ఎరువుల కొట్టు లెక్కలు రాసినదాన్ని, లెక్కలు నాకు మంచినీళ్ళు అనుకుంటూ వెళ్ళా. అక్కడ ఇలాంటి ప్రశ్న వచ్చింది, అమ్మేవాళ్ళకి 6 శాతం కమీషన్ పోను చేతికి 3 లక్షల డాలర్లు రావాలి, ఇల్లు ఎంతకి అమ్మాలి? నేనేం చేశా, 3 లక్షల్లో 6 శాతం 18 వేలు, కలిపితే 3 లక్షల 18 వేలు, ఆప్షన్లలో 3,18,000 ఉంది కూడా, టక్కున కొట్టేసి ముందుకెళ్ళిపోయా. ఇంటికొచ్చి చేసి చూస్తే తెలిసింది. 3,18,000కి అమ్మితే కమీషన్ 3,18,000 మీద కదా పడేది, అంటే 19,080, చేతికొచ్చేది 2,98,920. వెయ్యీ ఎనభై డాలర్లు తక్కువ. నాలాంటి వాళ్ళు సరిగ్గా ఏ తప్పు చేస్తారో వాళ్ళకి తెలుసు, ఆ తప్పు జవాబుని ముందే ఆప్షన్లలో పెట్టి కూర్చుంటారు. కరెక్టు దారి ఏంటంటే, అమ్మిన రేటు 100 అనుకుంటే కమీషన్ 6 పోగా చేతికి 94, అంటే మన 3 లక్షలు ఆ 94 శాతం, 3 లక్షల్ని 0.94తో భాగిస్తే 3,19,148 డాలర్ల 94 సెంట్లు. ఫార్ములా నాకు తెలుసు చెల్లీ. ఆరు శాతం దేని మీద అని అడుక్కోలేదు, అంతే.

నీ 46 ఫార్ములాల షీటుకి మందు కూడా ఇదే. ఆ కాగితం మళ్ళీ ఒకసారి చూడు, పీకేశావుగా, చేతిలోనే ఉంటుంది. కమీషన్‌కి మూడు ఫార్ములాలు రాసుంటాడు, ఎల్‌టీవీకి (ఇంటి విలువలో అప్పు ఎంత శాతమో) మూడు, క్యాప్ రేటుకి (ఇంటి విలువలో ఏడాదికి ఖర్చులు పోను మిగిలేది ఎంత శాతమో) మూడు, ప్రాపర్టీ ట్యాక్సుకి మూడు, వడ్డీకి మూడు, లాభనష్టాలకి ఇంకో నాలుగు. ఇవన్నీ ఒకటే లెక్క. మొత్తాన్ని రేటుతో గుణిస్తే భాగం వస్తుంది, భాగాన్ని రేటుతో భాగిస్తే మొత్తం వస్తుంది, భాగాన్ని మొత్తంతో భాగిస్తే రేటు వస్తుంది. ఇంగ్లీషు ‘టీ’ అక్షరం గీసి పైన భాగం, కింద ఒక పక్క మొత్తం, ఇంకో పక్క రేటు రాసుకో, ఏది కావాలో దాని మీద వేలు పెట్టి మూస్తే మిగతా రెండూ ఏం చెయ్యాలో చెప్తాయి. ఒకడు పేరు మార్చి కమీషన్ అంటాడు, ఒకడు ఎల్‌టీవీ అంటాడు, పేర్లు మార్చి 46 చేసి నీకు అమ్మారు. ఎంత పెట్టి కొన్నావో రాయలేదు, మంచిపని చేశావు, నాకు ఒళ్ళు మండేది.

కాబట్టి ప్రశ్న కనపడగానే ఫార్ములా కోసం తడుముకోకు, దేని మీద అని అడుగు. కమీషన్ దేని మీద, అమ్మిన రేటు మీద. పాయింట్లు దేని మీద, అప్పు మీద. ఇక్కడ చాలామంది పడతారు చూడు, ఇల్లు 4 లక్షలు, 20 శాతం డౌన్ పేమెంట్, లెండర్ 2 పాయింట్లు అడిగాడు, ఎంత? 4 లక్షల్లో 2 శాతం 8 వేలు అని పెట్టేస్తారు. పాయింట్ అంటే అప్పులో ఒక శాతం, ఇంటి ధరలో కాదు, అప్పు 3,20,000, కట్టాల్సింది 6,400. లాభం దేని మీద, కొన్న రేటు మీద. 20 శాతం లాభానికి 3,60,000కి అమ్మాడు, ఎంతకి కొన్నాడు అంటే 3,60,000లోంచి 20 శాతం తీసెయ్యకూడదు, 1.2తో భాగించాలి, 3 లక్షలు వస్తుంది. నువ్వే చీర కొట్టు పెట్టావనుకో, వెయ్యికి కొన్న చీర పన్నెండొందలకి అమ్ముతావు, పన్నెండొందల్లో ఇరవై శాతం తీస్తే వెయ్యి రాదుగా, తొమ్మిది వందల అరవై వస్తుంది. ప్రాపర్టీ ట్యాక్సు దేని మీద, ఎగ్జెంప్షన్లు (మినహాయింపులు) పోగా మిగిలిన విలువ మీద, టెక్సాస్‌లో నూటికి ఇంత అని చెప్తారు, కొన్ని ప్రశ్నల్లో మిల్స్ అని వస్తుంది, అది వెయ్యికి ఇంత అని, 21 మిల్స్ అంటే 0.021.

ఇప్పుడు వడ్డీ. ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఒక ప్లస్సూ ఉంది ఒక గుంటా ఉంది. మీ ఊళ్ళో వడ్డీ ఎలా చెప్తారు? రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ. అంటే నూటికి నెలకి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం అని నీకు ఎవరూ బోర్డు మీద రాసి నేర్పలేదు, అయినా తెలుసు. ఇక్కడ శాతం ఎప్పుడూ ఏడాదిదే, ఏం చెప్పకపోయినా ఏడాదిదే. మన చెవి దాన్ని నెలకి అన్నట్టు వింటుంది, లేదా కంగార్లో 12తో భాగించడం మర్చిపోతుంది, అదే గుంట. ప్లస్సు ఏంటంటే ఏడాదికి 6 శాతం అంటే మన లెక్కలో నూటికి అర్ధరూపాయి వడ్డీ. అదే 3,20,000 అప్పు తీసుకో, 6 శాతం, మొదటి నెల వడ్డీ ఎంత? 3,20,000లో 3,200 వందలున్నాయి, వందకి అర్ధ డాలర్, 1,600. అయిపోయింది. పుస్తకం పద్ధతిలో అయితే 3,20,000ని 0.06తో గుణిస్తే 19,200, 12తో భాగిస్తే అదే 1,600. రెండు దారుల్లో ఒకటే వచ్చిందంటే ఇక కంగారెందుకు. దీని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది, 30 ఏళ్ళ అప్పు, నెలకి కట్టేది 1,918 డాలర్ల 56 సెంట్లు, మొదటి నెల అసలు ఎంత తగ్గింది? 1,600 వడ్డీకి పోగా మిగిలిన 318 డాలర్ల 56 సెంట్లు అసలుకి. రెండో నెల వడ్డీ 3,20,000 మీద కాదు, తగ్గిన అసలు మీద. మళ్ళీ అదే ప్రశ్న, దేని మీద. (ఇంత కడితే అసలు ఇంతేనా తగ్గేది అని మా అత్తగారు మొదటిసారి మా లోన్ స్టేట్‌మెంట్ చూసి ముక్కున వేలేసుకుంది, ఆవిడకి ఏ ఫార్ములా తెలీదు.)

భూమి లెక్కలు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు అని ఫ్లాష్ కార్డు మీద రాసుకుని ఉంటావు, ఫోన్ నంబర్ బట్టీ పట్టినట్టు. మీ నాన్నగారి సెంటు ఎంత? 435.6 చదరపు అడుగులు. వంద సెంట్లు ఎకరం. వందతో గుణించు. అదే నంబర్! మా ఖమ్మం వైపు గుంటల్లో చెప్తాం, గుంటకి 121 గజాలు, 40 గుంటలు ఎకరం, 4,840 గజాలు, గజానికి 9 చదరపు అడుగులు, గుణిస్తే మళ్ళీ 43,560. ఇంగ్లీషువాళ్ళ ఎకరమే అక్కడా ఇక్కడా. మొదటిసారి ఈ నంబర్ చూసినప్పుడు నాకు మా పొలం గట్టు కనపడ్డట్టయింది, ఆ తర్వాత ఏనాడూ మర్చిపోలేదు. స్థలం 200 అడుగులకి 217.8 అడుగులు అన్నాడనుకో, గుణిస్తే 43,560, సరిగ్గా ఎకరం. కొలతలు ఇచ్చినప్పుడు మొదటి అంకె రోడ్డు వైపుది అని గుర్తుంచుకో, ఫ్రంట్ ఫుట్‌కి ఇంత అని రేటు చెప్తే దాన్నే గుణించాలి.

సెక్షన్లు టౌన్‌షిప్పులు అని ఇంకోటి ఉంటుంది, ఆరు మైళ్ళ చదరం టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, సెక్షన్ అంటే ఒక చదరపు మైలు, 640 ఎకరాలు. విచిత్రం ఏంటంటే టెక్సాస్‌లో ఈ పద్ధతి వాడనే వాడరు, ఇక్కడి పాత దస్తావేజుల్లో స్పానిష్ వాళ్ళ నాటి వారా అనే కొలత కనపడుతుంది, 33 అంగుళాలూ ఇంకో మూడోవంతు, మన గజానికి కొంచెం పొట్టి తమ్ముడు. కానీ నేషనల్ పార్ట్ కాబట్టి సెక్షన్లు అడుగుతారు. ఆగ్నేయపు పావులో వాయవ్యపు పావులో దక్షిణపు సగం అని తిప్పి తిప్పి రాస్తాడు, దిక్కులు పట్టించుకోకు, 640ని 4తో, మళ్ళీ 4తో, తర్వాత 2తో భాగించు, 20 ఎకరాలు. మధ్యలో ‘అండ్’ అనే మాట వస్తే మాత్రం ఆగు, అది రెండో ముక్క, విడిగా చేసి కలపాలి. వాస్తు పుణ్యమా అని ఈశాన్యం ఆగ్నేయం మనకి ఇంకొకళ్ళు నేర్పక్కర్లేదులే.

నన్నడిగితే వీటన్నిటికంటే కష్టం ప్రోరేషన్, అంటే ఇల్లు చేతులు మారేటప్పుడు పన్నులూ అద్దెలూ రోజుల లెక్కన పంచుకోవడం. అక్కడ గుణకారాలు సులువే, ఎవరు ఎవరికి ఇవ్వాలో తెలీక పోతాయి మార్కులు. అందుకే అక్కడ నా ప్రశ్న వేరు, ఎవరి జేబు? అద్దెకున్న వాళ్ళు నెల మధ్యలో ఖాళీ చేస్తే కరెంటు బిల్లు ఏం చేస్తారు మన దగ్గర, బిల్లు నెలాఖర్లో వస్తుంది, అప్పటికి కొత్తవాళ్ళుంటారు, కాబట్టి పాతవాళ్ళు వాడుకున్న రోజులకి లెక్కకట్టి ముందే చేతిలో పెట్టి పోవాలి. టెక్సాస్ ప్రాపర్టీ ట్యాక్సు అచ్చం ఇంతే. ఈ ఏడాది పన్ను వచ్చే జనవరి 31లోపు కట్టేది, ఏప్రిల్‌లో ఇల్లు చేతులు మారితే ఏడాది బిల్లు మొత్తం కట్టేది కొన్నవాడు. కాబట్టి అమ్మినవాడు తన రోజులకి ఇచ్చి పోవాలి.

ఏప్రిల్ 15న క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే రోజు), ఏడాది పన్ను 7,200, ఏడాదికి 360 రోజుల లెక్క, క్లోజింగ్ రోజు అమ్మినవాడిది అన్నారనుకో. నెలకి 600, రోజుకి 20. జనవరి ఫిబ్రవరి మార్చి మూడు నెలలకి 1,800, ఏప్రిల్‌లో 15 రోజులకి 300, మొత్తం 2,100. అమ్మినవాడికి డెబిట్, కొన్నవాడికి క్రెడిట్. ఇప్పుడు అదే ఇంట్లో అద్దెకి మనిషి ఉన్నాడు, ఒకటో తారీఖునే 1,800 అద్దె కట్టేశాడు, ఆ డబ్బు ఎవరి జేబులో ఉంది? అమ్మినవాడి జేబులో. 16 నుంచి ఇల్లు కొన్నవాడిది, అంటే మిగిలిన 15 రోజుల 900 వాడిది, ఇది కూడా అమ్మినవాడి దగ్గర్నుంచి కొన్నవాడికే. అదే అమ్మినవాడు ఏదైనా ముందే కట్టేసి ఉంటే, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) ఫీజులాంటిది, అప్పుడు తిరగబడుతుంది, కొన్నవాడు ఇవ్వాలి. 360 రోజులా 365 రోజులా, క్లోజింగ్ రోజు ఎవరిది అన్నవి ప్రశ్నలోనే ఉంటాయి, అవి చదవకుండా కాలిక్యులేటర్ ముట్టుకోకు.

మిగతావి పెద్ద విషయం కాదు. క్యాప్ రేటు మళ్ళీ ఆ ‘టీ’ బొమ్మే, ఏడాదికి ఖర్చులు పోను మిగిలేది 24 వేలు, రేటు 8 శాతం, విలువ 3 లక్షలు, అదే 10 శాతం అయితే 2,40,000కి పడిపోతుంది, రేటు పెరిగితే విలువ తగ్గుతుంది. ఖర్చుల్లో ఇంటి లోన్ ఈఎమ్ఐ కలపకూడదు, అదొక్కటే మెలిక. డిప్రిసియేషన్ అంటే ఏటా తరుగుదల, అది నేలకి ఉండదు, కట్టడానికే, అద్దె ఇల్లయితే 27.5 ఏళ్ళు, కమర్షియల్ అయితే 39. అంతే, వీటి గురించి నిద్ర పాడుచేసుకోకు.

ట్రిక్ అడిగావు. ఇది ట్రిక్కో కాదో నాకు తెలీదు గానీ నాకు పనిచేసింది, ప్రశ్న ఇంగ్లీషులో చదివాక నోట్లో తెలుగులో కథలా చెప్పుకో. నువ్వు టెన్త్ తెలుగు మీడియం అయ్యుంటావని నా అనుమానం, ఇన్నేళ్ళు ఇక్కడున్నా ఇంగ్లీషు పేరాలో అంకెలు కనపడితే బుర్ర రెండు పనులు ఒకేసారి చేస్తుంది, భాషా మార్చాలి లెక్కా చెయ్యాలి, అక్కడే చేతులు చల్లబడతాయి. ‘ఒకాయనకి చేతికి 3 లక్షలు రావాలంట, బ్రోకరు నూటికి ఆరు తీసుకుంటాడంట, ఎంతకి అమ్మాలి’ అని చెప్పుకుంటే అది లెక్కలా ఉండదు, పక్కింటి పిన్నిగారి గొడవలా ఉంటుంది, దానికి నీకు జవాబు తెలుసు. పరీక్ష హాల్లో పైకి వినపడేలా అనకు, పెదాలు కదిపితే చాలు.

రోజుకి పది లెక్కలు, అంతకంటే వద్దు. కానీ తప్పినవి మాత్రం ఒక నోటుబుక్కులో రాయి, జవాబు కాదు రాయాల్సింది, ఎందుకు తప్పావో ఒక్క లైను. ‘ఇంటి ధర మీద వేశా, అప్పు మీద వెయ్యాలి.’ ‘12తో భాగించలేదు.’ ‘6 శాతం బదులు 0.6 కొట్టా.’ నా నోటుబుక్కులో రెండు వారాలకి ముప్పై లైన్లు చేరితే అందులో తప్పులు నాలుగే రకాలు, తిప్పి తిప్పి అవే చేస్తున్నా. నాలుగు తప్పుల మీద కన్నేసి ఉంచడం 46 ఫార్ములాలు మొయ్యడం కంటే తేలిక కదా. పరీక్షకి తీసుకెళ్ళే కాలిక్యులేటర్‌తోనే ఇంట్లోనూ చెయ్యి, ఫోన్‌లో వద్దు, ఎలాంటిది రానిస్తారో క్యాండిడేట్ హ్యాండ్‌బుక్‌లో చూసుకో. శాతం బటన్ జోలికి పోకు, ఒక్కో మిషన్‌లో ఒక్కోలా చేస్తుంది, 0.06 అని కొట్టడం అలవాటు చేసుకో. హాల్లో రాసుకోవడానికి ఏదో ఒకటి ఇస్తారు, పరీక్ష మొదలవ్వగానే దాని మీద ‘టీ’ బొమ్మ, 43,560, 640, మైలుకి 5,280 అడుగులు, ఇవి రాసి పెట్టుకో. లెక్క చూడగానే గుండె దడ వస్తే దాన్ని మార్క్ చేసి వదిలెయ్, మాటల ప్రశ్నలన్నీ పూర్తిచేసి చివర్లో రా.

ఇంక నువ్వు రాసిన ఆ రైతు కూతురు మాట. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ నాన్నగారిని ఒక్కటి అడుగు, మన రెండెకరాల ముప్పై ఐదు సెంట్లు ఎన్ని గజాలు నాన్నా అని. కాగితం లేకుండా, కొంచెం అటూఇటూగా అయినా, పదకొండు వేల మూడొందల చిల్లర అంటారని నా నమ్మకం. ఆ చిల్లరతో సహా నువ్వు కట్టి, 9తో గుణించి అడుగుల్లోకి మార్చు. 1,02,366 రావాలి. రాకపోతే ఎక్కడ తప్పిందో ఆ నోటుబుక్కులో మొదటి లైనుగా రాసి నాకు పంపు, చూస్తా.